ఐర్లండ్‌లో గర్భనిరోధక సాధనాలను చట్టబద్ధం చేయడంపై వచ్చిన ప్రజావ్యతిరేకత: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐర్లండ్‌లో గర్భనిరోధక సాధనాల అమ్మకం 1935 నుంచి దాదాపు అర్ధశతాబ్దం పాటు నేరంగా ఉండేది. ఆ నిషేధాన్ని సడలించేందుకు జరిగిన ప్రతి ప్రయత్నానికీ ప్రజల నుంచి గట్టి ప్రతిఘటన ఎదురైంది. ఈ చరిత్ర చెప్పేవారు తరచుగా కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) ఆజ్ఞాపించారనీ, జనం తలవంచారనీ రెండు ముక్కల్లో తేల్చేస్తుంటారు. కాని ఒక దశలో పీఠాధిపతులే కొంత వెనక్కు తగ్గినా సామాన్య విశ్వాసులు తగ్గలేదు. ఈ ప్రశ్నోత్తరాలలో ఆ సంగతికే ఎక్కువ చోటు ఇచ్చాము. ఇక్కడ ఐర్లండ్ అంటే దక్షిణాన ఉన్న స్వతంత్ర దేశమని గమనించాలి; బ్రిటన్ పాలనలో ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో ఈ నిషేధం లేదు.

నిషేధం సరిగ్గా దేనిమీద ఉండేది?

మొదట పుస్తకాల మీద వచ్చింది. 1929 నాటి ప్రచురణల సెన్సార్‌షిప్ చట్టం గర్భనిరోధాన్ని సమర్థించే రాతలను నిషేధించింది. ఆరేళ్ల తరువాత, 1935 నాటి క్రిమినల్ లా సవరణ చట్టంలోని 17వ సెక్షన్ సాధనాలనే నిషేధించింది. అమ్మడం, అమ్మకానికి ఉంచడం, ప్రకటన ఇవ్వడం, విదేశాల నుంచి తెప్పించడం నేరాలయ్యాయి. వాడటం మాత్రం నేరం కాలేదు. కొనడానికి దారి లేని వస్తువును వాడుకునే స్వేచ్ఛ ఉందన్నమాట. ఈ విడ్డూరమే తరువాతి నలభై ఏళ్ల వివాదానికి మూలం.

1935 చట్టం ప్రజలు అడిగి తెచ్చుకున్నదేనా?

అవునని చెప్పడం కష్టం, కాదని చెప్పడమూ కష్టం. 1930 ఆగస్టులో, ఇంగ్లండ్‌లో పుట్టిన ప్రొటెస్టెంట్ శాఖ అయిన ఆంగ్లికన్ సంప్రదాయపు పీఠాధిపతుల లాంబెత్ సమావేశం కొన్ని పరిస్థితుల్లో దంపతులకు గర్భనిరోధాన్ని అనుమతించింది. దానికి జవాబుగా పోపు పదకొండవ పయస్ అదే ఏడాది డిసెంబరు 31న విశ్వలేఖ (కతోలికులందరికీ పోపు రాసే బోధనా లేఖ) వెలువరించి, కృత్రిమ గర్భనిరోధాన్ని పాపంగా తీర్మానించాడు. అప్పటికి ఐర్లండ్ కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశం. తాము ఇంగ్లండ్ కన్నా భిన్నమైన జాతి అని చూపించుకోవాలన్న తపన పాలకులలోనూ ప్రజలలోనూ బలంగా ఉండేది. ఆంగ్లికన్లు అనుమతించినదాన్ని ఐరిష్ చట్టం నిషేధించడం ఆ తపనకు సరిగ్గా అమరింది.

అయితే బహిరంగ చర్చ చాలా తక్కువ జరిగింది. బాలికల మీద లైంగిక నేరాల గురించి కారిగన్ కమిటీ 1931లో ఇచ్చిన, ఈ చట్టానికి ఆధారమైన నివేదికను ప్రభుత్వం ప్రచురించనేలేదు. బిల్లును వీలైనంతవరకు సభా సంఘంలోనే పరిష్కరించారు. దిగువ సభ అయిన డాల్‌లో ట్రినిటీ కాలేజీ ప్రతినిధి, వైద్యుడు అయిన రాబర్ట్ రోలెట్, ఎగువ సభలో మరో వైద్యుడు ఆలివర్ గోగర్టీ వంటి కొద్దిమంది మాత్రమే అభ్యంతరం చెప్పారు. అడగడానికే సిగ్గుపడే విషయం మీద ప్రజాభిప్రాయం ఏమిటో కొలవడం ఎలాగూ సాధ్యమయ్యేది కాదు.

మరి అన్నేళ్లూ దంపతులు ఏం చేశారు?

చాలామంది ఏమీ చేయలేదు. అందుకే 1970 నాటికి కూడా సగటున ఒక స్త్రీకి దాదాపు నలుగురు పిల్లలు. స్తోమత ఉన్నవారు బెల్‌ఫాస్ట్‌కో లండన్‌కో వెళ్లినప్పుడు తెచ్చుకునేవారు. 1960లలో గర్భనిరోధక మాత్ర వచ్చాక వైద్యులు దాన్ని "నెలసరి క్రమబద్ధం కావడానికి" అని రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. కాగితం మీద అది మందు కాబట్టి చట్టం అడ్డురాలేదు. 1969లో డబ్లిన్‌లోని మెరియన్ స్క్వేర్‌లో వెలసిన తొలి కుటుంబ నియంత్రణ క్లినిక్ మరో ఉపాయం కనిపెట్టింది. అమ్మడం నేరం కాబట్టి అమ్మేది కాదు. సాధనాలను ఉచితంగా ఇచ్చి, వచ్చినవారి నుంచి విరాళం స్వీకరించేది.

వ్యతిరేకించింది పీఠాధిపతులేనా?

మొదట్లో వారి గొంతే పెద్దది. 1968 జులైలో పోపు ఆరవ పౌల్ తన విశ్వలేఖలో పాత బోధననే ఖాయం చేశాడు. 1971 మార్చిలో డబ్లిన్ అగ్రపీఠాధిపతి జాన్ చార్లెస్ మెక్వెయిడ్ తన మేత్రాసనంలోని (తన అధికార ప్రాంతంలోని) దేవాలయాలన్నిటిలో చదివించిన లేఖలో, గర్భనిరోధాన్ని అనుమతించే చట్టం దేశానికి శాపమవుతుందని హెచ్చరించాడు. ఆ లేఖ చదువుతుండగా కొందరు స్త్రీలు పూజ మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయారు. ఆదివారం పూజ మానడమే పాపంగా ఎంచే ఆ సమాజంలో అది ఎంత సాహసమో ఊహించుకోవచ్చు.

1973 నవంబరులో ఐరిష్ పీఠాధిపతులందరూ కలిసి ఇచ్చిన ప్రకటన స్వరం వేరు. తిరుసభ (కతోలిక చర్చి) తప్పుగా భావించే పనులు ఎన్నో ఉన్నాయనీ, వాటినన్నిటినీ రాజ్యం నిషేధించాలని తిరుసభ కోరదనీ, చట్టం ఎలా ఉండాలన్నది శాసనసభ్యులు నిర్ణయించవలసిన సంగతి అనీ వారు ఒప్పుకున్నారు. సడలిస్తే సమాజానికి హాని తప్పదన్న హెచ్చరిక కూడా జోడించారనుకోండి. ఏమైనా ఆజ్ఞాపించే భాష పోయి, సలహా చెప్పే భాష వచ్చింది.

సరిగ్గా ఆ ఏడాదే సామాన్య విశ్వాసులు ఐరిష్ ఫ్యామిలీ లీగ్ అనే సంస్థను స్థాపించారు. అందులో గురువులకన్నా (ఫాదర్లకన్నా) గృహస్థులే ముందు నిలిచారు. పెద్ద కుటుంబాలను పెంచిన తల్లులు చురుకుగా పనిచేశారు. నైట్స్ ఆఫ్ కొలంబానస్ వంటి కతోలిక పురుషుల సంఘాలు, కొందరు వైద్యులు, ఫార్మసిస్టులు కూడా తోడయ్యారు. పీఠాధిపతులు మెత్తబడుతున్నారని వారిలో కొందరికి అసంతృప్తి ఉండేది. మేకపిల్లలను కాపరే తోడేలుకు వదిలేస్తున్నాడన్నంత బాధతో వారు మాట్లాడేవారు. నా దృష్టిలో ఈ చరిత్రలో తక్కువగా చెప్పుకునే, అయినా అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే.

వారి వాదనలు ఏమిటి?

వాటిని మూఢత్వమని కొట్టేయడం తేలిక. కాని అర్థం చేసుకోవాలంటే వారి మాటల్లోనే వినాలి.

మొదటిది ధార్మికమైనది: దాంపత్య సుఖాన్నీ సంతానాన్నీ మనిషి తన చేతులతో విడదీయరాదు. అందుకే వారు సహజ పద్ధతులను, అంటే ఋతుచక్రాన్ని గమనించి సంయమనం పాటించడాన్ని, ఒప్పుకున్నారు. అలాంటి సహజ పద్ధతుల్లో ఒకటైన బిల్లింగ్స్ పద్ధతిని నేర్పే తరగతులు నడిపినవారూ వారిలో ఉన్నారు. అయితే బహిరంగ చర్చలలో ఎక్కువగా వినిపించింది ఈ వాదన కాదు, జారుడుబండ వాదన. ఈరోజు పెళ్లైనవారికి అంటారు, రేపు పెళ్లికానివారికి, ఎల్లుండి గర్భస్రావం, ఆ తరువాత విడాకులు, చివరికి వృద్ధుల ప్రాణాలు తీయడం. పొరుగున ఉన్న ఇంగ్లండ్‌లో 1967లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేశారు కాబట్టి ఈ వరుస వారికి ఊహ అనిపించలేదు, సముద్రం అవతల కళ్లముందు జరుగుతున్నట్టు అనిపించింది.

మూడోది స్త్రీల పక్షాన వినిపించిన వాదన. గర్భభయం లేకపోతే పురుషుడు భార్యను గౌరవించడం మానేసి భోగవస్తువుగా చూస్తాడనీ, మాత్ర వల్ల వచ్చే రక్తపు గడ్డలు, ఇతర దుష్ఫలితాలు స్త్రీ ఒంటికే కాని పురుషుడికి కాదనీ అనేవారు. మందుల కంపెనీల లాభాపేక్షను వేలెత్తి చూపేవారు. ఇందులో కొంత మాట తరువాతి కాలంలో స్త్రీవాదులు కూడా అన్నదే కావడం విశేషం.

చివరిది మెజారిటీ హక్కు. దేశంలో తొంభై శాతానికి పైగా కతోలికులున్నప్పుడు వారి నైతికతను చట్టం ప్రతిబింబించడంలో అన్యాయం ఏముందని అడిగేవారు. దీనికి జవాబు చెప్పడం రాజకీయ నాయకులకు చాలా కష్టమైంది, ఎందుకంటే ఆ మెజారిటీ ఓట్లతోనే వారు గెలిచేవారు.

వ్యతిరేకత ఏ రూపంలో ఉండేది?

పెద్ద ఊరేగింపులకన్నా ఉత్తరాలు ఎక్కువ పనిచేశాయి. చిన్న దేశం, చిన్న నియోజకవర్గాలు, సభ్యుడి ఇల్లు అందరికీ తెలుసు. బిల్లు వస్తోందంటే ఇంటికి ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. ఆదివారం పూజ తరువాత గుడి గుమ్మం దగ్గరే పట్టుకుని అడిగేవారు. క్లినిక్‌ల ముందు జపమాల చెప్పేవారు. పత్రికల పాఠకుల లేఖల శీర్షికలు వారాల తరబడి ఈ ఒక్క విషయంతో నిండిపోయేవి.

కొన్నిసార్లు ఇది వేధింపు దాకా వెళ్లింది. తరువాత దేశాధ్యక్షురాలైన మేరీ రాబిన్‌సన్ 1971లో యువ సెనేటర్‌గా, మరో ఇద్దరు సెనేటర్లతో కలిసి 1935 నిషేధాన్ని సవరించే బిల్లు ప్రతిపాదించింది. సభ దాన్ని అచ్చు వేయడానికి కూడా ఒప్పుకోలేదు. ఆమెకు మాత్రం దూషణలతో నిండిన ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. 1977లో గాల్వేలో క్లినిక్ తెరవబోయినప్పుడు కూడా స్థానికంగా గట్టి వ్యతిరేకత వచ్చింది.

1971లో రైలులో జరిగిన నిరసన ఏమిటి?

1971 మే 22న ఐరిష్ మహిళా విమోచన ఉద్యమానికి చెందిన కొన్ని పదుల మంది స్త్రీలు డబ్లిన్ నుంచి రైలులో బెల్‌ఫాస్ట్ వెళ్లి, గర్భనిరోధక సాధనాలు కొని, తిరుగు ప్రయాణంలో కస్టమ్స్ అధికారుల ఎదుట బహిరంగంగా చూపించారు. డాక్టరు చీటీ లేనిదే మాత్రలు ఇవ్వమని బెల్‌ఫాస్ట్ దుకాణంలో చెప్పడంతో వారు ఆస్పిరిన్ మాత్రలు కొన్నారు. కస్టమ్స్ వారికి తేడా తెలియదన్నది వారి అంచనా, అది నిజమైంది. ఎవరినీ అరెస్టు చేయలేదు. చట్టం ఎంత డొల్లో ఆ సాయంత్రం దేశమంతా చూసింది. కాని ఆ దృశ్యం వ్యతిరేకులకు కూడా పనికొచ్చింది: చూడండి, వీళ్లకు సిగ్గు లేదు అని వారు చూపించుకోగలిగారు. ఉద్యమంలోనే ఉన్న కొందరు స్త్రీలకు సైతం ఆ పద్ధతి నచ్చలేదు.

కోర్టు తీర్పు వచ్చాక వ్యతిరేకత తగ్గిందా?

తగ్గలేదు, దిశ మార్చుకుంది. నలుగురు పిల్లల తల్లి అయిన మేరీ మెగీకి మళ్లీ గర్భం వస్తే ప్రాణాపాయమని డాక్టరు చెప్పాడు. ఆమె ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్న వీర్యనాశక జెల్లీని కస్టమ్స్ అధికారులు స్వాధీనం చేసుకున్నారు. ఆమె వేసిన దావాలో 1973 డిసెంబరు 19న సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో, ఒకరి భిన్నాభిప్రాయంతో, దంపతుల ఏకాంతం (ప్రైవసీ) రాజ్యాంగం కాపాడే హక్కు అని తీర్పు చెప్పింది. సొంత వాడకానికి తెప్పించుకోవడంపై నిషేధం కొట్టివేతకు గురైంది. అమ్మకంపై నిషేధం మాత్రం అలాగే మిగిలింది.

వ్యతిరేకులు ఈ తీర్పును అమెరికా అద్దంలో చూశారు. అక్కడ 1965లో సుప్రీంకోర్టు గర్భనిరోధం విషయంలో దంపతుల ఏకాంత హక్కును గుర్తించింది. ఎనిమిదేళ్లకు అదే హక్కు ఆధారంగా గర్భస్రావాన్ని అనుమతించింది. మన కోర్టు కూడా అదే మెట్లు ఎక్కుతుందని వారు భయపడ్డారు. ఈ భయం తరువాత ఎక్కడికి దారితీసిందో చివరి ప్రశ్నల్లో చూడవచ్చు.

ప్రధానమంత్రి తన సొంత ప్రభుత్వ బిల్లుకే వ్యతిరేకంగా ఓటు వేశాడన్నది నిజమేనా?

నిజమే. తీర్పు తరువాత చట్టాన్ని సరిచేయవలసి రావడంతో న్యాయశాఖ మంత్రి పాట్రిక్ కూనీ ఒక బిల్లు తెచ్చాడు. పెళ్లైనవారు మాత్రమే, లైసెన్సు ఉన్న ఫార్మసీలలో మాత్రమే కొనుక్కోవచ్చన్న చాలా సంకోచంతో కూడిన బిల్లు అది. పాలక కూటమి సభ్యులను మనస్సాక్షి ప్రకారం ఓటు వేసుకోమన్నారు. 1974 జులై 16న ఓటింగ్ జరిగినప్పుడు ప్రధానమంత్రి లియమ్ కాస్‌గ్రేవ్ ముందుగా తన మంత్రులకు కూడా చెప్పకుండా, ప్రతిపక్షంతో పాటు వ్యతిరేకంగా ఓటు వేసేవారు నడిచే లాబీలోకి వెళ్లాడు. బిల్లు 61 ఓట్లకు 75 ఓట్లతో ఓడిపోయింది. ఆయన్ను ఏ పీఠాధిపతీ అలా ఓటు వేయమని బలవంతపెట్టలేదు. ఆయన భక్తుడు, తన విశ్వాసం ప్రకారం ఓటు వేశాడు. వ్యతిరేకత పైనుంచి కిందికి ప్రవహించిందన్న మాటకు ఇది మంచి జవాబు.

1979 చట్టం వ్యతిరేకులకు ఓటమా, గెలుపా?

అటు వ్యతిరేకులు, ఇటు సంస్కరణవాదులు, ఇద్దరూ ఓడినట్టే భావించారు. అప్పటి ఆరోగ్యశాఖ మంత్రి చార్ల్స్ హాహీ పీఠాధిపతులతో, వైద్య సంఘాలతో సుదీర్ఘంగా సంప్రదించి ఒక మధ్యేమార్గం తయారుచేశాడు. కండోమ్‌తో సహా ఏ సాధనమైనా డాక్టరు చీటీ మీద, నిజమైన కుటుంబ నియంత్రణ కోసమే అని డాక్టరు భావిస్తేనే, ఫార్మసీలో దొరుకుతుంది. ఇష్టం లేని డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు నిరాకరించవచ్చు. సహజ పద్ధతులకు చట్టంలోనే ప్రోత్సాహం. దీన్ని ఆయన "ఐరిష్ సమస్యకు ఐరిష్ పరిష్కారం" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఆ దేశంలో వెటకారంగా వాడుకలో ఉంది. రబ్బరు తొడుగుకు డాక్టరు చీటీ ఏమిటని సంస్కరణవాదులు నవ్వారు. తలుపు సందైనా తెరిచారని వ్యతిరేకులు బాధపడ్డారు. వ్యవసాయశాఖ మంత్రి జిమ్ గిబన్స్ పార్టీ ఆదేశాన్ని పక్కనపెట్టి ఓటు వేయడానికే నిరాకరించాడు. చట్టం 1980 నవంబరు 1న అమల్లోకి వచ్చింది.

చట్టం ఆమోదానికీ అమలుకూ మధ్య, 1979 సెప్టెంబరు చివర, పోపు రెండవ జాన్ పౌల్ ఐర్లండ్ వచ్చాడు. డబ్లిన్‌లోని ఫీనిక్స్ పార్కులో ఆయన పూజకు పది లక్షలకు పైగా జనం వచ్చారు. అంతమంది వెళ్లారు కాబట్టి అంతమందీ ఈ విషయంలో ఆయన మాట వింటారని వ్యతిరేకులు లెక్క వేసుకున్నారు. ఆ లెక్క తప్పింది.

మన దగ్గర ఇలాంటి వ్యతిరేకత ఎందుకు రాలేదు?

తెలుగు పాఠకులకు ఈ ప్రశ్న సహజం. కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా భారతదేశం 1952లోనే చేపట్టింది. ఐర్లండ్‌లో కండోమ్ అమ్మడం నేరమైన కాలంలోనే మన పల్లెల్లో గోడలమీద ఎర్ర త్రికోణం, "మేమిద్దరం మాకిద్దరు" కనిపించేవి. 1968 నుంచి నిరోధ్ కండోమ్ సబ్సిడీ ధరకు కిరాణా కొట్లలో కూడా దొరికింది. ఆంధ్ర ప్రాంతపు కతోలికులకు కూడా తిరుసభ బోధన అదే, కాని వారు దేశంలో చిన్న మైనారిటీ. చట్టాన్ని తమ బోధనకు అనుగుణంగా మలచగల బలం వారికి లేదు. అలాగని మన చరిత్ర మచ్చలేనిది కాదు. ఎమర్జెన్సీ కాలంలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. అక్కడ రాజ్యం పిల్లలు పుట్టకుండా చూసుకోవద్దంది, ఇక్కడ పుట్టకూడదంది. రెండు చోట్లా దంపతుల మాట చివర్లో వచ్చింది.

1985లో ఏం మారింది?

డాక్టరు చీటీ పోయింది. ఆరోగ్యశాఖ మంత్రి బారీ డెస్మండ్ తెచ్చిన సవరణ బిల్లు 18 ఏళ్లు నిండినవారికి కండోమ్‌లు, వీర్యనాశకాలు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించింది. ఈసారి డబ్లిన్ అగ్రపీఠాధిపతి కెవిన్ మెక్‌నమారా మళ్లీ కటువుగా మాట్లాడాడు. పాలక ఫినా గేల్ పార్టీలోనే ఆలివర్ ఫ్లానగన్, ఆలిస్ గ్లెన్, టామ్ ఓడానెల్ ఎదురుతిరిగారు. ప్రతిపక్ష ఫియనా ఫాల్‌లో డెస్మండ్ ఓమాలీ బిల్లుకు అనుకూలంగా మాట్లాడి, "నేను రిపబ్లిక్ పక్షాన నిలబడతాను" అని ముగించి, ఓటింగుకు దూరంగా ఉన్నాడు. అందుకు పార్టీ ఆయన్ను బహిష్కరించింది. 1985 ఫిబ్రవరి 20న బిల్లు 80 ఓట్లకు 83 ఓట్లతో నెగ్గింది. పదకొండేళ్ల క్రితం 14 ఓట్ల తేడాతో ఓడిన విషయం ఇప్పుడు మూడు ఓట్ల తేడాతో గెలిచింది. మారింది కేవలం 17 ఓట్ల వ్యత్యాసమే అయినా, పార్లమెంటులో పీఠాధిపతుల మాట కాదని నెగ్గడం సాధ్యమేనని తొలిసారి తేలింది.

ప్రొటెస్టెంట్ల సంగతి ఏమిటి?

సంఖ్యలో తక్కువ. ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ గర్భనిరోధాన్ని దంపతుల మనస్సాక్షికి వదిలింది. కతోలిక బోధనను వారిమీద రుద్దే చట్టాలుంటే ఉత్తర ఐర్లండ్ ప్రొటెస్టెంట్లు ఏకీకృత ఐర్లండ్‌ను ఎలా నమ్ముతారన్న ప్రశ్నను సంస్కరణవాదులు పదేపదే వేశారు.

వ్యతిరేకత చివరికి ఎక్కడికి పోయింది?

గర్భస్రావం వైపు మళ్లింది. మెగీ తీర్పు పుట్టించిన భయమే 1981లో రాజ్యాంగ సవరణ కోసం ఉద్యమంగా మారింది. పాత సంస్థలలో పనిచేసినవారు కొందరు ఇందులోనూ కనిపిస్తారు. 1983 సెప్టెంబరు 7న గర్భస్థ శిశువు ప్రాణహక్కును గుర్తించే ఎనిమిదవ సవరణను 66.9 శాతం ఓటర్లు ఆమోదించారు. గర్భనిరోధం విషయంలో ఒక్కో మెట్టూ కోల్పోతూ వచ్చినవారు, గర్భస్రావం విషయంలో కోర్టుకన్నా ముందే తలుపు మూయగలిగారు. ఆ తలుపు 2018 మే 25 నాటి ప్రజాభిప్రాయ సేకరణ దాకా తెరుచుకోలేదు. కర్ణాటకకు చెందిన సవితా హలప్పనవార్ 2012 అక్టోబరులో గాల్వే ఆసుపత్రిలో, అడిగిన గర్భస్రావాన్ని నిరాకరించిన తరువాత మరణించిన సంఘటన ఆ ప్రజాభిప్రాయ సేకరణకు ఎంత ఊపునిచ్చిందో భారతీయ పాఠకులు ఎరుగుదురు.

కండోమ్ విషయంలో మిగిలింది చిన్న చిన్న పోరాటాలు. డబ్లిన్‌లోని వర్జిన్ మెగాస్టోర్ సంగీత దుకాణంలో కుటుంబ నియంత్రణ సంఘం పెట్టిన కౌంటర్‌లో కండోమ్‌లు అమ్మినందుకు 1990లో జరిమానా పడింది. అప్పీలులో అది 500 పౌండ్లకు పెరిగింది, దాన్ని ఐరిష్ రాక్ సంగీత బృందం యూ2 కట్టింది. ఎయిడ్స్ భయం నడుస్తున్న ఆ రోజుల్లో ఆ జరిమానా చూసి నవ్వినవారే ఎక్కువ. కొనుగోలు వయసును 16కు తగ్గించాలన్న ప్రతిపాదన పీఠాధిపతుల అభ్యంతరంతో ఆగిపోయి, 1992 చట్టంలో 17 దగ్గర నిలిచింది. 1993లో కండోమ్ అమ్మకంపై ఆంక్షలు దాదాపు పూర్తిగా తొలగి, యంత్రాలలో అమ్మడానికీ వీలు కలిగింది.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి?

2022 సెప్టెంబరు నుంచి 17 నుంచి 25 ఏళ్ల మధ్య స్త్రీలకు ఐరిష్ ప్రభుత్వమే గర్భనిరోధక సాధనాలకూ, అందుకోసం డాక్టరును చూడటానికీ డబ్బు కడుతోంది. ఆ వయోపరిమితిని తరువాత విడతలుగా పెంచింది. మాత్ర కోసం చీటీ మీద నెలసరి పేరు రాయించుకునే అవసరం ఇప్పుడు లేదు.